అమ్ములపొదిలో నాలుగు పంక్తులు

విల్లు పట్టినవారు మన ఇళ్ళలో ఎవరూ లేరు. అయినా పొద్దున లేచినది మొదలు రాత్రి పడుకొనేదాకా మన నోట విలువిద్య నడుస్తూనే ఉంటుంది. పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గితే “వీడికి చదువుమీద గురి లేదు” అంటాము. వైద్యుడిచ్చిన మాత్ర పనిచేస్తే అది “రామబాణం” అంటాము. మరునాటినుంచి ఆ వైద్యునిమీద మనకు “గురి కుదురుతుంది”. పెళ్ళిచూపులలో అవతలివారు ప్రశ్నలు సంధిస్తారు. ఎన్నికల రోజులలో నాయకులు ఒకరిమీద ఒకరు విమర్శలు ఎక్కుపెడతారు. వాదంలో ఓడిపోబోతున్న మామగారు అమ్ములపొదిలోనుంచి చిట్టచివరి అస్త్రం తీస్తారు. ఆయుధం పోయి ఎన్నో తరాలైనది. దాని మాట మాత్రం ఇంకా మన వంటింట్లో తిరుగుతున్నది.

ఈ మాటలను పట్టుకొని చిన్న చిన్న పద్యాలు, మూడు నాలుగు పంక్తుల కవితలు వ్రాయవచ్చు. పెద్దలు వ్రాయవచ్చు, పిల్లలచేత వ్రాయించవచ్చు. ముఖ్యంగా సౌకార్‌పేటలోని మన తెలుగు కుటుంబాలకు ఈ పని ఇప్పుడు ఎందుకు అవసరమో కూడా విన్నవించుకొంటాము.

మన పేట పేరే సాహుకార్ల పేరు. టంకసాల వీధి, గోవిందప్ప నాయకుని వీధి, కొత్వాలు చావడి: ఎటు పోయినా అమ్మకం, కొనుగోలు. చావడిలోని కూరగాయల బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయినా అంగళ్ళ సందడి తగ్గలేదు. తెలుగువారు, తమిళులు, గుజరాతీలు, మార్వాడీలు ఒకే వీధిలో నాలుగు భాషలలో బేరమాడుతూ ఉంటారు. ఈ బేరాల నడుమ ఒక చమత్కారం దాగి ఉన్నది. తెలుగులో “అమ్ము” అంటే బాణం. అమ్ములపొది, అంపశయ్య అన్న మాటలు దానినుంచి వచ్చినవే. “అమ్ము” అంటే విక్రయించు అని కూడా అర్థం. పక్కింటి తమిళులను అడగండి: వారి భాషలో “విల్” అంటే విల్లు, “విల్” అంటే అమ్మడం కూడా. అంటే తెలుగులో బాణం అమ్ముతున్నది, తమిళంలో విల్లు అమ్ముతున్నది! వారు ధరను “విలై” అంటారు, మనం “విలువ” అంటాము. వెనుకటి తెలుగులో “విలుచు” అంటే కొనడం. విల్లూ అమ్మూ రెండూ పెట్టుకొని వ్యాపారం చేసే పేట లోకంలో ఇంకెక్కడైనా ఉంటుందా అని మాకు సందేహం.

ఇటువంటి మాట దొరికినప్పుడు పద్యం దానంతట అదే కదులుతుంది. మేము అల్లిన ఆటవెలది ఒకటి ఇక్కడ ఇస్తున్నాము. ఇందులో గొప్ప ఏమీ లేదు. మాట ఎలా దారి చూపుతుందో చూడడానికి మాత్రమే.

అమ్ము విడుచు బోయ యడవిలో నొక్కచో;
అమ్మి బతుకు సెట్టి యనుదినమ్ము;
గురియె తప్పెనేని గుక్కెడు గంజియు
లేక యిద్దరకును లేమి యొకటె.

వేటగాడికి గురి తప్పితే కూర లేదు, వర్తకుడికి గురి తప్పితే కూడు లేదు. ఈ సంగతి వివరించాలంటే వ్యాసంలో పేజీ పడుతుంది. ఒక్క “అమ్ము” రెండుసార్లు వచ్చేసరికి నాలుగు పాదాలలో ముగిసిపోయినది.

ఈ విద్య మనకు కొత్తది కాదు. విలువిద్యకు సంబంధించిన మాటలలో ఎన్నింటికో రెండేసి అర్థాలున్నవి. గుణమంటే మంచి గుణమూ, అల్లెత్రాడూ. కోటి అంటే నూరు లక్షలూ, వింటి కొనా. శిలీముఖమంటే తుమ్మెదా, బాణమూ. మార్గణమంటే బాణమూ, యాచకుడూ. పూర్వకవులు ఈ జంట అర్థాలతో రాజులను మెప్పించారు. దానశీలుడైన రాజుతో ఒక కవి, “ఈ వింత విలువిద్య ఎక్కడ నేర్చావు? మార్గణాలు నీ వైపు వస్తున్నవి, గుణమేమో దిక్కుల చివరకు పోతున్నది” అన్న భావంతో చెప్పిన సంస్కృత చాటువు ప్రసిద్ధమే. మామూలు వింటిలో బాణం అవతలికి పోతుంది, తాడు ఇవతలనే ఉంటుంది. ఇక్కడ యాచకులు దగ్గరకు వస్తున్నారు, కీర్తి దూరంగా పోతున్నది. అంతే పద్యం! మన అవధానాలలోని దత్తపది కూడా ఈ కోవలోనిదే. పృచ్ఛకుడు విల్లు, నారి, గురి, తూపు అని నాలుగు మాటలిచ్చి “వీటితో వంటింటిని వర్ణించండి” అంటాడు. నారి అంటే వింటి తాడూ, స్త్రీ కూడా కనుక అవధాని చిరునవ్వు నవ్వుతాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన రోజులలో ఇటువంటి చమత్కారాలను పండితులతో సమానంగా పామరులు కూడా ఆస్వాదించారు.

అయితే శ్లేష ఒక్కటే చిన్న పద్యానికి ప్రాణం కాదు. అసలు ప్రాణమేమిటో ద్రోణుడు చెప్పాడు. ఆదిపర్వంలోని ఆ కథ మనకందరకూ తెలిసినదే. శిల్పులచేత చేయించిన ఒక బొమ్మ పక్షిని చెట్టుమీద పెట్టించి, ఒక్కొక్క శిష్యుణ్ణి పిలిచి “ఏమి కనబడుతున్నది?” అని అడిగాడు. ధర్మరాజుకు చెట్టు కనబడినది, పక్షి కనబడినది, గురువుగారు కనబడినారు, తమ్ములు కనబడినారు. ఆయనను పక్కన నిలబడమన్నాడు. అర్జునుడికి పక్షి తప్ప మరేమీ కనబడలేదు. చివరకు పక్షి కూడా పోయి తల మాత్రం మిగిలినది. సంస్కృత భారతంలో తల అనే ఉన్నది. మన అమ్మమ్మలు దానిని మరింత చిన్నది చేసి “కన్ను” అన్నారు. కథ నోట నోట నడిచేకొద్దీ గురి సన్నబడినదన్నమాట. చిన్న పద్యం వ్రాసేవాడు చేయవలసినది కూడా ఇదే. చెట్టును వదలాలి, కొమ్మను వదలాలి, చివరకు గురువును కూడా వదలాలి. ధర్మరాజు చూచినదంతా వ్రాస్తే అది వ్యాసమవుతుంది. అర్జునుడు చూచినది మాత్రం వ్రాస్తే పద్యమవుతుంది.

మన్యంలో మరొక కథ ఉన్నది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద వరుసగా దాడిచేసి తుపాకులు పట్టుకొనిపోయినది. ఆ దళంలో విల్లంబులు పట్టిన గిరిజనులు ఎందరో ఉన్నారు. తరువాతి రోజులలో ఆయన ఫలానా రోజున వస్తానని ముందుగా కబురుపెట్టి మరీ వచ్చేవాడనీ, ఆ చీటీని మిరపకాయతో సహా బాణానికి కట్టి పంపేవాడనీ, దానినే “మిరపకాయ టపా” అనేవారనీ జనం చెప్పుకొంటారు. బాణానికి కట్టే చీటీలో ఎన్ని మాటలు పడతవి? బరువెక్కితే బాణం పడిపోతుంది. చెప్పవలసినది రెండు ముక్కలలో చెప్పాలి, ఆ రెండు ముక్కలూ మిరపకాయలాగా మండాలి. చిన్న కవితకు ఇంతకన్న మంచి కొలత మాకు కనబడలేదు.

విలువిద్య పురాణాలతో, మన్యపు పోరాటంతో ముగిసిపోయినదని అనుకోనక్కరలేదు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణ పతకాలు గెలిచినది. ఆమెది కాంపౌండ్ విల్లు, 50 మీటర్ల గురి. ఆ ఊరివాడే బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విల్లు పట్టి 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళినాడు. అతని పోటీలో దూరం 70 మీటర్లు. గురిపలక వెడల్పు 122 సెంటీమీటర్లయినా పది మార్కులు వచ్చే నడిమి వలయం 12.2 సెంటీమీటర్లే, మన కాఫీ సాసరంత ఉంటుంది. సాయంకాలం టంకసాల వీధిలో 70 మీటర్లు నడవాలంటే ఎంతమందిని తప్పుకొని పోవాలో మనకు తెలుసు. బాణానికి రెండు సెకన్లు పట్టదు. ఒకరితో ఒకరు తలపడే పోటీలో ఒక్కొక్క బాణానికి ఇచ్చే వ్యవధి 20 సెకన్లు. మన ఆటవెలది ఒకటి నిదానంగా చదవడానికి కూడా ఇంచుమించు అంతే పడుతుంది.

ఆ 20 సెకన్లలో జరిగేది చూస్తే కవిత్వానికి పనికివచ్చే సంగతులు మరి రెండున్నవి. మొదటిది: బాణం విడవడమంటే విసరడం కాదు. వ్రేళ్ళు సడలితే తాడు దానంతట అదే జారిపోవాలి. బలవంతంగా వదిలితే గురి చెదురుతుంది. యూగెన్ హెరిగెల్ అనే జర్మన్ ఆచార్యుడు 1924 నుంచి 1929 వరకు జపానులోని సెండాయ్‌లో తత్వశాస్త్రం బోధిస్తూ, అక్కడ అవా కెంజో అనే గురువువద్ద విలువిద్య నేర్చుకొన్నాడు. ఈ ఒక్క విడుపు పట్టుబడడానికే ఆయనకు ఏళ్ళు పట్టినది. 1948లో అచ్చయిన ఆయన చిన్న పుస్తకమంతా ఈ తంటాల కథే. పద్యం చివరి పాదం కూడా ఇటువంటిదే. పండి రాలవలసినదే గాని లాగితే రాదు. రెండవది: బాణం కర్రలాగా బిగుసుకొని పోదు. వేగంగా తీసే కెమెరాతో చూస్తే, వింటిని విడిచిన క్షణంలో అది పాములాగా అటూ ఇటూ వంగి, వింటిని తప్పుకొని, తరువాత సర్దుకొని తిన్నగా పోతుంది. మరీ బిరుసైన బాణం పక్కకు పోతుంది. గణాలు సరిపోయి కూడా నడక బిగుసుకొన్న పద్యాలు మనకు తారసపడేది ఇందువల్లనే. మాటకు వంగే గుణం ఉండాలి. బాణం తోకకు కట్టే ఈకను తెలుగులో “గరి” అంటారు. అది బాణాన్ని తిప్పుతూ దారి తప్పకుండా చూస్తుంది. పద్యానికి యతి ప్రాసలు గరి వంటివి. ములికి వేరే ఉండాలి.

ఇక అసలు సంగతికి వస్తాము. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. కొంత తమిళం, కొంత హిందీ, కొంత ఇంగ్లీషు కలిసినా అది తెలుగే. కాని చదవడం, వ్రాయడం? తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ ఏడు 1వ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి, 2015–16లో 10వ తరగతికి చేరినది. ఉన్న నేల భాష నేర్చుకోవడం మంచిదే. అందులో మనకు పేచీ లేదు. కాని బడిలో తమిళం, ఇంగ్లీషు, పైన ట్యూషన్లు పోగా తెలుగు అక్షరానికి సమయం లేకపోయినది. అవ్వ వ్రాసి పెట్టుకొన్న మంగళహారతుల పుస్తకం మనుమరాలు చదవలేదు. తాత జమాఖర్చు పుస్తకం మనుమడికి బొమ్మల పుస్తకం. భాష చెవిలో మిగిలి చేతిలోనుంచి జారిపోతున్నది. చేతిలోనుంచి పోయినది చెవిలో ఎన్నాళ్ళుంటుంది?

దీనికి మందుగా మనం చేసేదేమిటి? పెద్దబాలశిక్ష చేతికిచ్చి కూర్చోమంటాము, లేదా “మాతృభాష గొప్పతనం” అని రెండు పేజీల వ్యాసం వ్రాయమంటాము. విలువిద్య నేర్పేవారెవరూ మొదటిరోజున 70 మీటర్ల దూరాన నిలబెట్టరు. నాలుగైదు అడుగుల దూరాన గడ్డి దిమ్మె పెట్టి, దానిమీద గురిచుక్క కూడా లేకుండా, ఊరికే బాణం వదలడం నేర్పుతారు. చేయి కుదిరిన తరువాత దిమ్మెను వెనక్కి జరుపుతారు. మన పిల్లలకూ దూరం తగ్గించాలి. ఆచార్య ఎన్. గోపి 1990ల చివర ప్రవేశపెట్టిన నానీలలో నాలుగు పంక్తులు, 20 నుంచి 25 అక్షరాలు మాత్రమే ఉంటవి. జపానీయుల హైకూ మూడు పంక్తులే. మన ఇస్మాయిల్ గారు మొదలైనవారు దానిని తెలుగులో చక్కగా నాటినారు. 25 అక్షరాలు వ్రాయమంటే ఏ పిల్లవాడూ పారిపోడు. వ్రేళ్ళమీద లెక్కపెట్టుకొంటాడు కూడా.

ఈమధ్య ఒక సెలవునాడు మా వీధిలోని కొందరు పిల్లలను మేడమీద కూర్చోబెట్టి “బాణంమీద మూడు ముక్కలు వ్రాయండి” అన్నాము. మొదట అందరూ వ్రాసినది ఒక్కటే: విడిచిన బాణం వెనక్కి రాదు, అన్న మాట వెనక్కి రాదు. అది అందరి పొదిలోనూ ఉన్న పాత బాణమే. “మీరు కంటితో చూచినది వ్రాయండి” అన్నాము. టెలివిజనులో విలువిద్య పోటీ చూచిన ఒక అమ్మాయి కాసేపు ఆలోచించి ఇలా వ్రాసినది.

బాణం వెళ్ళిపోయింది.
వింటినారి మాత్రం
ఇంకా వణుకుతూనే ఉంది.

ఆ పిల్ల అక్క కిందటేడే పెళ్ళయి ఊరు వెళ్ళినది. మేము ఆ మాట ఎత్తలేదు, ఆ పిల్లా ఎత్తలేదు. మరొక కుర్రవాడు తన ఘనకార్యం వ్రాశాడు.

చీపురుపుల్ల బాణం
తాతయ్య చదివే పత్రికకు
కిటికీ పెట్టింది.

పారిస్‌లో ధీరజ్, అంకితా భకత్ జంట మిశ్రమ పోటీలో నాలుగవ స్థానంలో నిలిచి, కంచు పతకం చేజారిన సంగతి తెలిసిన పెద్దపిల్లవాడొకడు నానీ లెక్క సరిచూచుకొని మరీ ఇచ్చాడు.

నాలుగో మెట్టు మీద
నిలబడడానికి
పీట వెయ్యరు.
విల్లుకు తెలుసు.

ఈ ముగ్గురిలో ఇద్దరికి గుణింతం సరిగా రాదు. “వణుకు”కు ఏ ణకారమో మమ్మల్ని అడిగారు. అడిగారన్నదే మాకు ముఖ్యం. వ్రాయవలసిన మాట తనదైతే దాని అక్షరం తెలుసుకోవాలన్న ఆరాటం పిల్లవాడికే పుడుతుంది. ఎవరిదో మాటను ఎక్కిస్తే ఆ ఆరాటం పుట్టదు.

బడిలో నేర్చిన తమిళం కూడా ఈ పనికి అడ్డు రాలేదు, సాయమే చేసినది. వారికి “అంబు” తెలుసు. మన “అమ్ము” దాని తోబుట్టువు. వారికి “కుఱి” తెలుసు, మనది “గురి”. “విల్” తెలుసు, మనది “విల్లు”. ఒక భాష చేతిలో ఉన్న పిల్లవాడికి రెండవ భాష అడుగు దూరంలోనే ఉన్నదని ఈ మూడు మాటలు చాలు చెప్పడానికి.

ఇంటివద్ద ప్రయత్నించదలచినవారికి నాలుగు సూచనలు. ఒక పద్యానికి ఒక్క వస్తువే ఉండాలి; విల్లు వ్రాస్తే బాణాన్ని వదిలిపెట్టాలి. చివర నీతివాక్యం తగిలించకూడదు. తగలవలసినది ముందే తగిలి ఉంటుంది. నిఘంటువు మాటకన్న ఇంట్లో వాడే మాట మేలు. శరమూ సాయకమూ వద్దు, చీపురుపుల్ల చాలు. మొదటి పది పద్యాలకు ఎర్ర సిరా తగలనివ్వకూడదు. తప్పులుంటే పెద్దవారు పక్కన మంచి ప్రతి వ్రాసిపెట్టి ఊరుకోవాలి. ఛందస్సు తెలిసిన తాతలు మాత్రం ఊరుకోనక్కరలేదు. పిల్లల మూడు ముక్కలనే ఆటవెలదిగానో తేటగీతిగానో మలిచి వినిపించండి. తన మాట తాతగారి పద్యంలో పాటలాగా వినబడితే ఆ పిల్లవాడికి గణమంటే భయం పోతుంది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక పలక, ఒక పెన్సిలు, రాత్రి భోజనమయిన తరువాత ఒక పావుగంట చాలు. ఏకలవ్యుడికి మట్టిబొమ్మ గురువైనది. మన పిల్లలకు ప్రాణమున్న అవ్వలు, తాతలు ఇంట్లోనే ఉన్నారు. బొటనవ్రేలు అడగనక్కరలేదు, ఆ బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ ఒక పెన్సిలు పెట్టి చూడండి. పిల్లలు వ్రాసినవి తప్పులతో సహా, వారి చేతివ్రాతతోనే మన పత్రికకు పంపితే సంతోషంగా అచ్చువేస్తాము.